కిలీ గారి మూడు బంగారు పతకాలు వేసేరు సరే, ఆ ముందు ఏళ్ళేవండీ?

సంపాదకుల వారికి నమస్కారాలండి.

మొన్న మీ పేపర్లో స్పోర్ట్స్ పేజీ అడుగున చిన్న బాక్సు కట్టి ఒక వార్త వేసేరు. ఈ 2026 ఫిబ్రవరిలో ఇటలీలో మిలాన్ కోర్టినా వింటర్ ఒలింపిక్స్ జరిగేయి కదా, ఆ సందర్భంగా పాతకాలం ఛాంపియన్లని గుర్తు చేసినట్టున్నారు, మంచి పనే, నేను కాదనను. ఆ రోజు వంతు ఫ్రాన్స్ స్కీయింగ్ వీరుడు జాన్ క్లోడ్ కిలీ గారిది. నాలుగే నాలుగు లైన్లు. పుట్టుకతోనే ఛాంపియనంట, 1968లో మూడు బంగారు పతకాలంట, 24 ఏళ్ళకే రిటైరంట, పక్కన తపాలా బిళ్ళంత ఫోటో. అంతే, అయిపోయింది. ఆ పుట్టుకతోనే అన్న మాట దగ్గర నాకు మనసు కలుక్కుమందండి. అది తప్పు. చాలా పెద్ద తప్పు. ఎందుకు తప్పో చెప్దామనే ఈ ఉత్తరం, కొంచెం పొడుగవుద్ది, ఓపిక చేసుకుని చదవండి, కోసెయ్యాలంటే చివర్న అడిగింది మాత్రం కొయ్యకండి.

నేను 31 ఏళ్ళు పీఈటీగా చేసి రిటైరయ్యేను. రాజోలు చుట్టుపక్కల నాలుగు హైస్కూళ్ళు తిరిగేను, ఇప్పటికీ మా ఊళ్ళో నన్ను డ్రిల్లు మాస్టారనే పిలుస్తారు. మా లంకల్లో నేల అరచెయ్యిలాగ చదునుగా ఉంటది, ఎత్తు అంటే ఏటిగట్టే, అది దాటితే కొబ్బరిచెట్టు. మంచు అంటే ధనుర్మాసంలో పొద్దున్నే కాలవ మీద పట్టే పొగమంచు, ఐసు అంటే రొయ్యల లారీల్లోకి కొట్టి వేసే ఐసు దిమ్మలు. ఇలాంటి చోట ఉన్నోడికి స్కీయింగ్‌తో ఏం పని అని మీకు అనిపించొచ్చు. ఒకసారి ఒలింపిక్స్ గురించి క్లాసులో చెప్తుంటే ఒక పిల్లోడు స్కీయింగ్ అంటే ఎలాగ ఉంటది మాస్టారూ అని అడిగేడు, నాకు తెలీలేదు, అప్పట్నించి దొరికిందల్లా చదువుతా వచ్చేను, తర్వాత ఫోన్లు వచ్చేక మా మేనల్లుడు పాత వీడియోలు తీసి చూపించేడు. అందులో నాకు పట్టిన మనిషి ఈయన. పేరు విని పిల్లలు కిళ్ళీ అనుకుని నవ్వేవోరు, కథంతా విన్నాక మాత్రం ఇంకెవరూ నవ్వలేదు.

ఆ ఆట పిల్లలకి ఎలాగ చెప్పేవోణ్ణో ముందు చెప్తాను, మీ పాఠకులకీ పనికొస్తది. దమ్ము చేసేక చేను చదును చెయ్యడానికి ఎడ్ల వెనకాల బల్ల కట్టి దాని మీద మనిషి నిలబడతాడు చూసేరా, మోకాళ్ళు కాస్త వంచి, ఎడ్లు ఒక్కసారి లాగితే వెనక్కి పడిపోకుండా బరువు ముందుకేసి, బల్ల ఓ పక్కకి జారితే ఒంటిని రెండో పక్కకి వాల్చి. ఇప్పుడు ఆ బల్లని నిలువునా రెండుగా చీల్చి ఒక్కో కాలికి ఒక్కోటి కట్టండి, ఎడ్లని విప్పెయ్యండి, చేనుని తీసుకెళ్ళి కొండ మీద వాలుగా పెట్టండి, బురద బదులు గట్టిగా గడ్డకట్టిన మంచు పెట్టండి, అక్కణ్ణించి కిందకి వదిలెయ్యండి. అదండీ స్కీయింగ్. అందులో మళ్ళీ రకాలు, డౌన్‌హిల్ అంటే దాదాపు దూసుకుంటా దిగిపోవడమే, స్లాలమ్ అంటే దగ్గర దగ్గరగా పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతా దిగడం, జెయింట్ స్లాలమ్ ఈ రెండిటికీ మధ్యస్తం. వీటికి కావాల్సిన ఒళ్ళు వేరు, గుండె వేరు, అలవాటు వేరు. మూడూ ఒకే మనిషి ఒకే ఒలింపిక్స్‌లో గెలవడం అంటే మా స్కూల్ మీట్‌లో వంద మీటర్లు కొట్టినోడే హర్డిల్సూ కొట్టి సాయంత్రం కబడ్డీ కప్పు కూడా పట్టుకెళ్ళినట్టు. అంతకు ముందు 1956లో కోర్టినాలోనే ఆస్ట్రియా ఆయన టోనీ సైలర్ ఒక్కడే అలాగ మూడూ గెలిచేడు.

ఇక కిలీ గారి సంగతి. 1943 ఆగస్టు 30న పారిస్ పక్కన సాన్ క్లూలో పుట్టేడు, అప్పుడు ఆ దేశం జర్మనీ వాళ్ళ చేతిలో ఉంది. తండ్రి రాబర్ట్ యుద్ధంలో పైలట్‌గా చేసినాయన. యుద్ధం అయ్యేక కుటుంబాన్ని తీసుకుని ఆల్ప్స్ కొండల్లో వాల్ దిజేర్ అనే ఊరెళ్ళి అక్కడ స్కీల కొట్టు పెట్టుకున్నాడు. 1850 మీటర్ల ఎత్తున ఉన్న ఊరండి అది. మా ఊరి పిల్లలు కొబ్బరి మట్ట మీద కూర్చుని గట్టు దిగినట్టు ఆ ఊరి పిల్లలు కాళ్ళకి స్కీలు కట్టుకుని ఊరంతా తిరుగుతారు. అంటే ఆటకి కావాల్సింది ఇంటి గుమ్మంలోనే ఉంది, అంతవరకు మీరు పుట్టుకతోనే అన్నా ఒప్పుకుంటాను. కానీ ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లలందరికీ అదే మంచు, అదే కొండ, అందరూ కిలీలు కాలేదు కదా. ఏడేళ్ళ వయసప్పుడు తల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. తండ్రి పిల్లోణ్ణి దూరంగా శాంబెరీలో హాస్టల్ స్కూల్లో వేసేడు, అక్కడ వాడికి ఊపిరాడలేదు, 15 ఏళ్ళకి బడి మానేసి, మరుసటి ఏడాది ఫ్రాన్స్ జూనియర్ టీమ్‌లో చేరిపోయేడు. ఇది చదివి పిల్లలు బడి మానెయ్యాలని నేను చెప్పట్లేదు, మాస్టారుగా ఆ మాట నా నోట రాదు. ఆ తండ్రి ఒప్పుకున్నాడని మాత్రం చెప్తున్నాను. కొడుకు ఏం చెయ్యగలడో చూసి, భయపడతానే అయినా సరే, పొమ్మన్నాడు.

1961 డిసెంబరు, 18 ఏళ్ళు, సొంతూరు వాల్ దిజేర్‌లోనే పెద్ద రేసు, జెయింట్ స్లాలమ్. ఈ కుర్రోడికి ఇచ్చిన స్టార్టింగ్ నంబరు 39. ఈ 39 గురించి కాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే నాలుగు లైన్ల వార్తలో ఇలాంటివే ఎగిరిపోతాయి. స్కీ రేసులో అందరూ ఒకేసారి పరిగెట్టరు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు దిగుతారు. మొదట దిగినోడికి మంచు నున్నగా ఉంటది. ముప్ఫై ఎనిమిది మంది అదే దారిలో అవే మలుపుల్లో గీసుకుంటా దిగేక ఎలాగ ఉంటదో చూడాలంటే శ్రావణంలో మా చేల గట్టుదారికి రండి, ట్రాక్టరు చక్రాలు తిరిగి తిరిగి గాడులు పడిపోయి కాలేస్తే మడమ మెలితిరిగేలాగ ఉంటది. అలాంటి దారిలో 39వ వాడిగా దిగి అందరి కంటే ముందు టైము కొట్టేడు. మన ఊళ్ళలో అయితే 39 అనగానే, మనకి అన్యాయం చేసేరు, ఇంటికెళ్ళిపోదాం పదరా అనే తండ్రులు నాకు బోలెడు మంది తెలుసు.

అక్కణ్ణించి మెట్టు మెట్టూ ఎక్కేసేడనుకుంటున్నారా, లేదండి. ఫ్రాన్స్ కోచ్ ఒనోరే బొనే గారు ఆ కుర్రోణ్ణి 1962 ప్రపంచ పోటీలకి జెయింట్ స్లాలమ్‌కి ఎంచుకున్నారు, షామొనీలో, సొంత దేశంలోనే పోటీలు. ఆ కబురు వెళ్ళే టైముకి ఈయన కోర్టినాలో డౌన్‌హిల్‌కి కూడా సెలెక్టవ్వాలని రేసులో ఉన్నాడు. అవునండి, మొన్న మీరు రోజూ పతకాల పట్టిక వేసిన ఆ కోర్టినాలోనే. ఫినిషింగ్ ఇంకో రెండొందల గజాలు ఉందనగా గడ్డకట్టిన చోట జారి పడ్డాడు, వెంటనే లేచేడు, ఒంటి స్కీ మీదే గీత దాటేడు, చూస్తే అందరి కంటే టైము వాడిదే బాగుంది. కానీ కాలు విరిగిపోయింది. ప్రపంచ పోటీలు చంకకర్రల మీద నిలబడి చూసేడు.

ఆ ఏడాదే సైన్యంలో తప్పనిసరి సర్వీసుకి అల్జీరియా పంపించేరు. అక్కడ కామెర్లూ రక్తవిరేచనాలూ పట్టుకున్నాయి, పూర్తిగా వదల్లేదు, మళ్ళీ మళ్ళీ తిరగబెట్టేవి. అలాంటి ఒంటితోనే 1964లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌కి వెళ్ళేడు. డౌన్‌హిల్‌లో దిగిన కాసేపటికే పడిపోయేడు. స్లాలమ్‌లో కాలికి స్కీని పట్టి ఉంచే బిగింపు ఊడిపోయింది. జెయింట్ స్లాలమ్‌లో ఐదో స్థానం. మొదటి ఒలింపిక్స్ నుంచి ఆయన ఇంటికి పట్టుకెళ్ళింది అదే, ఒక ఐదో స్థానం.

అదే ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌కే చెందిన అక్కచెల్లెళ్ళు క్రిస్టీన్ గ్వాషెల్, మరియెల్ గ్వాషెల్ చెరో బంగారమూ చెరో వెండీ పట్టుకెళ్ళేరు. దేశం అంతా వాళ్ళని భుజాన ఎత్తుకుంది. పక్కనే నిలబడ్డ ఈ ఇరవై ఏళ్ళోడికి ఎలాగ ఉండుంటదో మీరే ఆలోచించండి. మీ బాక్సులో పుట్టుకతోనే ఛాంపియన్ అని రాసేరే, 1964 ఫిబ్రవరిలో ఆ మాట ఎవరైనా అని ఉంటే నమ్మేవోళ్ళు కూడా ఉండరు.

ఇక్కడ నా సొంత సంగతొకటి చెప్పాలండి, అసలు ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అదే.

ఇరవై ఏళ్ళ కిందట మా స్కూల్లో తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకత్తి ఉండేది. నాలుగొందల మీటర్లు పరిగెత్తేది. సరైన గ్రౌండ్ ఎక్కడిదండి, కోతలయ్యేక ఎండిన చేలో సున్నం గీతలు గీసి పరిగెత్తించేవోణ్ణి, వరి దుబ్బులు గుచ్చుకుని అరికాళ్ళు చీరుకుపోయినా ఆగేది కాదు. జిల్లా పోటీలకి తీసుకెళ్ళేను. ఫైనల్లో ఐదో స్థానం వచ్చింది. ముందున్న నలుగురూ పదో క్లాసు పిల్లలు, స్పైక్ షూస్ ఉన్నోళ్ళు, ఈ పిల్ల ఉత్త కాళ్ళతో పరిగెత్తింది. నా లెక్క ప్రకారం ఆ రోజు గ్రౌండ్‌లో అందరి కంటే గొప్ప పరుగు అదే. బస్సులో ఇంటికొచ్చే దారి పొడుగూతా కిటికీ వైపు తిరిగి కూర్చుంది, నేనేం మాట్లాడలేదు, మాట్లాడితే ఏడుస్తదని. మర్నాడు పొద్దున్నే వాళ్ళ నాన్న జిల్లా పేజీ మడిచి పట్టుకుని మా ఇంటికొచ్చేడు. అందులో మొదటి ముగ్గురి పేర్లే ఉన్నాయి. దీని పేరేదండీ మాస్టారూ అన్నాడు. ఐదో స్థానం నాన్నా, వచ్చే ఏడాదికి దీని ముందు ఎవ్వరూ ఉండరు అన్నాను. పేపర్లో లేని స్థానం నాకెందుకండీ అన్నాడు. మాట అంతే. పదో క్లాసుకి గ్రౌండే లేని ఒక ప్రైవేటు స్కూల్లో వేసేసేరు, అక్కడ పొద్దున్న స్టడీ అవరు, సాయంత్రం స్టడీ అవరు. ఆ అమ్మాయి మళ్ళీ పరిగెత్తలేదు. ఆ తండ్రిని నేను తిట్టుకోను, రెక్కల కష్టం మీద బతికే మనిషి, కూతురికి మంచే జరగాలని చేసేడు. ఆయన దగ్గర ఉన్న రుజువు ఆ పేపరొక్కటే. ఆ పేపర్లో ఐదో పేరు లేదు.

అందుకే ఈ 1964 ఐదో స్థానం నాకు మూడు బంగారాల కంటే ముఖ్యం.

కిలీ గారు ఆగలేదు. 1966 ఆగస్టులో దక్షిణ అమెరికాలో చిలీ దేశం, పోర్టిల్యో అనే చోట ప్రపంచ పోటీలు జరిగేయి, మనకి వానాకాలం అయితే అక్కడ చలికాలం. అక్కడ డౌన్‌హిల్‌లో గెలిచేడు, అన్నీ కలిపి లెక్కేసే కంబైన్డ్‌లోనూ గెలిచేడు. అప్పటికి 23 ఏళ్ళు నిండొస్తున్నాయి. కాలు విరిగి నాలుగేళ్ళు దాటింది.

ఆ పోర్టిల్యోలోనే ఇంకోటి జరిగింది, ఇది మీ పత్రికల వాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి. స్కీయింగ్‌కి ఇప్పుడు ప్రతి ఏడూ జరిగే వరల్డ్ కప్ ఉంది కదా, అది పెట్టాలని పట్టుబట్టింది మీలాంటి ఒక పత్రికాయనే. సెర్జ్ లాంగ్ అని, ఫ్రాన్స్‌లో లెకిప్ అనే స్పోర్ట్స్ పేపరుకి రాసే విలేకరి. ఒక్క రోజు పోటీ పెట్టి ఆ రోజు పడిపోయినోడు పనికిరాడు, గెలిచినోడే గొప్పోడు అంటే ఎలాగ, చలికాలం పొడుగూతా ఊరూరా రేసులు పెట్టి అన్నిటికీ పాయింట్లు వేసి లెక్క తేల్చాలి అని ఫ్రాన్స్ కోచ్ బొనే గారితోనూ అమెరికా కోచ్ బాబ్ బీటీ గారితోనూ కూర్చుని పథకం వేసేడు, పెద్దల్ని ఒప్పించేడు. 1967 జనవరిలో మొదలెట్టేరు. ఒక విలేకరి బుర్రలో పుట్టిన లెక్క ఆ ఆటనే మార్చేసింది. జిల్లా పేజీలో నాలుగు పేర్లు ఎక్కువ వెయ్యమని అడగబోతున్నాను గనక ఇది ముందే చెప్తున్నాను.

ఆ మొదటి వరల్డ్ కప్ సీజన్లో మగాళ్ళకి 17 రేసులు జరిగితే కిలీ గారు 12 గెలిచేరు. డౌన్‌హిల్ ఐదుకి ఐదూ ఆయనవే. అప్పట్లో ఒక్కో రకంలో బాగా వచ్చిన మూడు ఫలితాలే లెక్కేసేవారు, గెలుపుకి 25 పాయింట్లు, అంటే మూడు రకాలూ కలిపి ఎవరికైనా రావడానికి వీలున్నదే 225. ఆయనకి 225 వచ్చేయి. నూటికి నూరు మార్కులన్నమాట. కాలు విరిగినోడు, కామెర్లు వచ్చినోడు, ఐదో స్థానంతో ఇంటికొచ్చినోడు.

ఇక 1968 ఫిబ్రవరి, గ్రెనోబుల్ ఒలింపిక్స్. స్కీ రేసులు దాని పక్కన షామ్రూస్ కొండ మీద. మీరు రాసిన మూడు బంగారాలూ ఇక్కడివే. డౌన్‌హిల్‌లో దాదాపు మూడు కిలోమీటర్ల కొండ రెండు నిమిషాల్లోపు దిగేడు. సరాసరి తీస్తే గంటకి 85 కిలోమీటర్ల పైనే, ఒంటి మీద గుడ్డ తప్ప అడ్డం ఏం లేదు. పోటీకి ముందు వార్మప్‌లో ఐసు గడ్డకట్టిన చోట దిగడంతో స్కీల అడుగున రాసిన మైనం కాస్తా గీసుకుపోయిందంట, మళ్ళీ రాసే టైము లేదు. మైనం లేకపోతే స్కీ జారదు, కింది సగంలో వెనకబడిపోతాడు, అందుకని మొదటి క్షణం నుంచే ప్రాణం పెట్టి దిగేడని చెప్తారు. గెలిచింది ఎంతతో అనుకున్నారు, 0.08 సెకను. రెండోవాడు కూడా ఫ్రాన్స్ ఆయనే, గీ పెరియా.

ఆ 0.08 దగ్గర నన్ను కాసేపు ఆగనివ్వండి. ముప్ఫై ఏళ్ళు స్టాప్‌వాచ్ పట్టుకున్న చెయ్యి ఇది. పిస్తోలు పొగ చూసి బొటనవేలు నొక్కేలోపే కొంత కాలం జారిపోద్ది, అందుకే వంద మీటర్లలో చేత్తో తీసిన టైముకి 0.24 సెకను కలిపి మెషీన్ టైముతో పోల్చుకుంటారు. అంటే కిలీ గారి గెలుపు నా బొటనవేలు చేసే పొరపాటులో మూడో వంతు. ఆ వేగంలో అది కొండ మీద ఎంత దూరమో లెక్కేసి చూసేను, రెండు మీటర్ల లోపు, ఒక నులకమంచం పొడుగు. మూడు కిలోమీటర్లు దిగి ఒక మంచం పొడుగు తేడాతో గెలిచేడండి.

ఆ మంచం పొడుగు ఎక్కణ్ణించి వచ్చుంటదా అని ఆయన స్టార్టింగ్ వీడియో మా మేనల్లుడి ఫోన్లో ఎన్నిసార్లు చూసేనో నాకే తెలీదు. స్టార్టింగ్ దగ్గర మోకాలి కిందగా ఒక సన్నటి పుల్ల అడ్డంగా ఉంటది, కాలు తగిలి ఆ పుల్ల తెరుచుకున్నప్పుడు గడియారం మొదలవుద్ది. చాలామంది తిన్నగా కాళ్ళతో తోసుకుంటా బయల్దేరేవారు. ఈయన చేతుల్లో ఉండే రెండు స్కీ కర్రలూ పుల్లకి అవతల గుచ్చి, వాటి మీద బరువంతా వేసి, ముందు తల, భుజాలు, నడుం బయటికి విసిరేవాడు, కాళ్ళు ఆఖర్న వచ్చేవి. పుల్ల కదిలేసరికి ఒళ్ళంతా అప్పటికే ముందుకి ఉరుకుతా ఉండేది. ఒక్క రూలూ తప్పలేదు. మా గ్రౌండ్‌లో రెండు ఇటుకల మీద కొబ్బరీనె అడ్డం పెట్టి పిల్లల చేత ఇది చేయించేను, చేతుల్లో రెండు వెదురు కర్రలు. ఇరవై మందిలో ఇద్దరికే కుదిరింది, మిగతా వాళ్ళు బోర్లా పడ్డారు. పడ్డవాళ్ళు కూడా లేచి మళ్ళీ లైన్లో నిలబడ్డారు, సాయంత్రం గంట కొట్టినా ఎవరూ ఇంటికెళ్ళలేదు. పుట్టుకతో వచ్చేది కాదండీ అది, కూర్చుని ఆలోచించి, వెయ్యిసార్లు చేసి సాధించింది.

జెయింట్ స్లాలమ్ తేలిగ్గానే గెలిచేడు, రెండు సెకన్ల పైన తేడా, దాని గురించి చెప్పడానికేం లేదు. ఆఖరిది స్లాలమ్, ఫిబ్రవరి 17. కొండ మీద పొగమంచు, కర్రలు కూడా కనపడనంత. ఆస్ట్రియా వీరుడు కార్ల్ ష్రాంజ్ రెండోసారి దిగుతా మధ్యలో ఆగిపోయేడు, ఎవరో నల్ల బట్టల మనిషి దారికి అడ్డం వచ్చేడన్నాడు, మళ్ళీ దిగనిచ్చేరు, కిలీ గారి కంటే మంచి టైము కొట్టేడు, ముందు ఆయనే గెలిచేడన్నారు. తర్వాత పెద్దలు కూర్చుని, ఆ మనిషి కనపడక ముందే ష్రాంజ్ గేట్లు, అంటే మధ్యలోంచి దాటాల్సిన కర్రల జంటలు, తప్పేడని తేల్చి ఆయన్ని తీసేసేరు. బంగారం కిలీ గారికి, రెండో స్థానం హెర్బర్ట్ హూబర్, తేడా 0.09 సెకను. దీని మీద గొడవ ఇన్నేళ్ళయినా తెగలేదు. నేను కబడ్డీ కోర్టుల దగ్గర వందల తగువులు తీర్చినోణ్ణి, నా మట్టుకు గేటు తప్పితే తప్పినట్టే, తర్వాత ఎంత మంచి టైము కొట్టినా లెక్క కాదు. అయినా ష్రాంజ్ గారు చిన్నోడేం కాదు, కిలీ గారు తప్పుకున్నాక 1969లోనూ 1970లోనూ వరల్డ్ కప్ ఆయనదే. రెండు స్వల్ప తేడాలూ కూడితే 0.17 సెకను. రెండు బంగారాలు ఆ 0.17లో ఉన్నాయి. అటు ఇటు అయి ఉంటే ఒక్క బంగారమే వచ్చేది, అప్పుడు మీరు ఈ నాలుగు లైన్లు కూడా వేసేవారు కాదేమో, మనిషి మాత్రం అదే మనిషి కదండీ.

అదే గ్రెనోబుల్‌లో మన దేశం తరఫున కూడా ఒకాయన దిగేడు, జెరెమీ బుజకోవ్‌స్కీ గారు, 1964లోనూ ఆయనే దిగేడు, ఇండియా తరఫున వింటర్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి మనిషి. ఆయన పేరు మన తెలుగు పేపర్లలో నేనెప్పుడూ చూళ్ళేదు. 2022 బీజింగ్‌లో కాశ్మీర్ గుల్మార్గ్ కుర్రోడు ఆరిఫ్ ఖాన్ మన దేశం నుంచి వెళ్ళిన ఒకే ఒక్క ఆటగాడు, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం. ఆ 45 కూడా ఒక అంకేనండీ. ఎంతమంది దిగలేక మధ్యలో పడిపోయేరో చూస్తే దాని విలువ తెలుస్తది.

ఆ సీజన్ కూడా వరల్డ్ కప్ గెలిచి 1968లోనే కిలీ గారు మానేసేరు. తర్వాత యాడ్‌లు, కార్ల రేసులు, కొన్నాళ్ళు డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ స్కీ పోటీలు. 1992లో ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌ని మిషెల్ బార్నియే గారితో కలిసి దగ్గరుండి జరిపించేరు, మగాళ్ళ డౌన్‌హిల్ తన ఊరు వాల్ దిజేర్‌లో బెల్వార్డ్ కొండ మీదే పెట్టేరు. 1995 నుంచి 2014 దాకా అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఉన్నారు. ఇవి మీకు ఎక్కడైనా దొరుకుతాయి, నేను పొడిగించను.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతానండి. 2030లో వింటర్ ఒలింపిక్స్ మళ్ళీ ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోనే. అప్పుడు ఎలాగూ కిలీ గారి గురించి వేస్తారు. ఆ రోజు 39 నంబరు వెయ్యండి, కోర్టినాలో విరిగిన కాలు వెయ్యండి, ఇన్స్‌బ్రుక్ ఐదో స్థానం హెడ్డింగ్‌లో వెయ్యండి, మూడు బంగారాలు కింద వేసినా పర్లేదు.

అది నాలుగేళ్ళ తర్వాత సంగతి. ఈ ఏడాది చెయ్యగలిగింది ఒకటుంది. స్కూల్ గేమ్స్ జిల్లా పోటీలు అయినప్పుడు మీ జిల్లా పేజీలో మొదటి ముగ్గురితో ఆపకుండా ఫైనల్లో పరిగెత్తిన ఎనిమిది మంది పేర్లూ, ఊళ్ళూ, టైములూ వెయ్యండి. ఎక్కువ చోటు పట్టదండి, చిన్న అక్షరాల్లో ఎనిమిది లైన్లు. లిస్టు ఇవ్వడానికి పీఈటీలు ఎవరూ విసుక్కోరు, మా వాళ్ళ సంగతి నాకు తెలుసు, కావాలంటే నేనే మీ విలేకరి దగ్గరికి తెచ్చిస్తాను.

మొన్న సంక్రాంతికి ఆ నాలుగొందల మీటర్ల అమ్మాయి పుట్టింటికొచ్చింది. కూతుర్ని వెంటబెట్టుకుని మా అరుగు దగ్గరికొచ్చి, మాస్టారూ, దీని పరుగు ఒకసారి చూడండి అంది. పాత స్టాప్‌వాచ్‌కి బ్యాటరీ వేయించుకొచ్చి ఏటిగట్టు మీద పరిగెత్తించేను. ఆరో క్లాసు పిల్ల, వాళ్ళమ్మలాగే మలుపులో ఎడం భుజం కిందకి వాలుస్తది. దాన్ని ఇక్కడే అమ్మమ్మ దగ్గర ఉంచి మా స్కూల్లో చేర్పించేరు, రోజూ పొద్దున్నే వస్తోంది. వచ్చే స్కూల్ గేమ్స్‌లో పరిగెత్తుద్ది. ఎన్నో స్థానం వస్తుందో నేను చెప్పలేను, ఐదు రావచ్చు, ఏడు రావచ్చు. ఆ మర్నాడు పొద్దున్న వాళ్ళ తాతయ్య టీ కొట్టు దగ్గర మీ పేపరు తిరగేస్తాడండి, ఆ పేరు అందులో ఉండేలాగ చూడండి.

ఇట్లు,
రిటైర్డ్ పీఈటీ, మీ పాత పాఠకుడు,
రాజోలు దగ్గర ఒక లంక గ్రామం, కోనసీమ